మల్లెరేకు, గరగర

అనగనగా ఒక తెల్లవారుజాము. రేవుకోట బురుజు మీద కావలివాడు ఐదు గంటలు కొట్టాడు. కోట కింది వీధిలో సింగన అనే మంగలి వాకిట్లో పీట వేసుకుని, గుంజకు కట్టిన తోలుపట్టా మీద కత్తి నూరుకుంటున్నాడు.

రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం మంచు దట్టంగా పట్టింది. ఆ మంచులోంచి ఒక బాటసారి వచ్చి ఎదుట నిలబడ్డాడు. అడుగుల చప్పుడు వినబడలేదు.

అతనికి నలభై ఏళ్లుంటాయి. గడ్డం బాగా మాసింది. కాని నుదుటి మీద, కళ్ల పక్కన ఒక్క ముడత లేదు. నవ్విన గుర్తు లేదు, ఏడ్చిన గుర్తు లేదు. నిన్ననే సున్నం వేసిన గోడలా ఉంది మొహం.

"గడ్డం చెయ్యాలి," అన్నాడు. "నీ కత్తులన్నిట్లోకీ చెడ్డది ఏది?"

సింగనకు నవ్వొచ్చింది. "అందరూ మంచిది అడుగుతారు బాబూ."

"నాకు చెడ్డదే కావాలి."

సింగన పొది విప్పి, అన్నిటికంటే అడుగున ఉన్న కత్తిని తీశాడు. అది అతని తండ్రిది. అరిగిపోయిన బండిచక్రపు పట్టా ఇనుముతో ఊరి కమ్మరి చేసిచ్చాడు. గేదెకొమ్ము పిడి పగిలితే దారం చుట్టారు. ఒక చెంప అయ్యాక రెండో చెంపకు మళ్లీ నూరాలి. గీస్తున్నంతసేపూ గరగరమనేది. చుబుకం కింది వంపు దగ్గరకు వచ్చేసరికి పట్టి లాగేది. అందుకే వీధిలో వాళ్లు దానికి గరగర అని పేరు పెట్టారు. "ఒరే సింగా, గడ్డం గీస్తున్నావా, దూలం కోస్తున్నావా?" అని అడిగేవాళ్లు. సింగనకూ అదంటే చిరాకే. తండ్రి చేతి కత్తి కనుక పారెయ్యలేక ఉంచుకున్నాడు.

రేవుకోట మంగళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి గడ్డం మీద కత్తి పెట్టాలన్నా, ముందుగా వాళ్ల కళ్లెదుటే దాన్ని తన ఎడమ ముంజేతి మీద ఒకసారి ఆడించాలి. నా ఒంటికి ఆననిది నీ ఒంటికి ఆనదు అని మాట ఇవ్వడమన్న మాట. సింగన అలాగే గరగరను ముంజేతి మీద ఆడించి, ముఖం చిట్లించి, పనిలోకి దిగాడు.

చుబుకం కింద అది ఎప్పటిలాగే లాగింది. ఒక రక్తపు బొట్టు వచ్చింది.

సింగన పటిక అందుకోబోయాడు. బాటసారి ఆపాడు. గాటును వేలితో తాకి, వేలి చివర ఎరుపును చూసుకున్నాడు.

"మండుతోంది," అన్నాడు, మంచి కబురు విన్నవాడిలా.

తరువాత, "మా అమ్మ పోయింది," అన్నాడు.

"అయ్యో. ఎప్పుడు బాబూ?"

"రెండేళ్లయింది."

అని ఏడవడం మొదలుపెట్టాడు. ఎలా ఏడవాలో పెదవులకు తెలియనట్టు ఏడ్చాడు. పొద్దు పొడిచేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. పొద్దు పొడిచాక చూస్తే అతని నుదుటి మీద ముడతలున్నాయి.

వెళ్లేముందు నడుముకు చుట్టిన గుడ్డలోంచి ఒక కత్తి తీసి పీట మీద పెట్టాడు. "ఇది నీ దగ్గర ఉండనీ. అందరూ దీన్నే ఇష్టపడతారు."

"మరి తమరికి వద్దా?"

"నేనూ ఇష్టపడ్డాను. పారెయ్యాలని మూడు ఊళ్లు తిరిగాను, చెయ్యి రాలేదు. ఇవ్వడానికైతే వస్తోంది."

మంచు విడిచేసరికి వీధిలో అతను లేడు.

*

కొత్త కత్తికి తెల్లటి ఎముక పిడి. ఏ జంతువు ఎముకో సింగనకు తెలియలేదు. కత్తి అలుగును వెలుతురుకు అడ్డంగా పెడితే అంచు కనిపించేది కాదు. నీళ్లలో ముంచి తీస్తే తడి అంటేది కాదు. నూరే పని లేదు. కట్టుబాటు ప్రకారం ముంజేతి మీద ఆడించి చూశాడు. వెంట్రుకలు రాలాయి. చల్లదనం కూడా తెలియలేదు.

వారం తిరిగేసరికి వీధి అంతా అదే మాట. చెంప మీద మల్లెరేకు రాలినట్టుందని ఎవరో అన్నారు. ఆ పేరే నిలిచింది. గరగర పొది అడుక్కి చేరి మరి పైకి రాలేదు.

"కళ్లు మూసుకుంటే మంగలి వచ్చాడో లేదో కూడా తెలియడం లేదయ్యా," అన్నాడు ఒక షావుకారు. ఇంతకంటే పెద్ద మెప్పు సింగన తన జన్మలో వినలేదు. అతనికీ అన్ని కత్తుల్లోకీ మల్లెరేకే ప్రాణమైంది.

కోటలోకి కబురు వెళ్లింది.

మొదట దళవాయి బసవరాజు పిలిపించాడు. బసవరాజుకు ఒక ముసలి గుర్రం ఉంది. మూడు యుద్ధాల్లో మోసింది. దానికి తన చేత్తో బెల్లం తినిపించనిదే ఆయన అన్నం తినడు. మల్లెరేకుతో గడ్డం చేయించుకోవడం మొదలుపెట్టిన నెలకు ఆ గుర్రం కాలు విరిగింది. సింగన ఆయన చెంప గీస్తుండగానే గుర్రాలు చూసుకునే సాహిణి పరుగెత్తుకొచ్చి చెప్పాడు.

"చంపెయ్యండి," అన్నాడు బసవరాజు. వెంటనే, "ఒరే సింగా, కుడివైపు ఇంకొంచెం నున్నగా రావాలి," అన్నాడు.

బయట గుర్రం సకిలించింది, ఆగిపోయింది. దళవాయి చెంప మీద నరం కూడా కదల్లేదు.

తరువాత మంత్రి గుణాకరుడు పిలిపించాడు. ఆయన వారం వారం కాదు, రోజూ గీయించుకునేవాడు. ఒకనాడు భోజనం దగ్గర ఉండగా అన్నగారు పోయారన్న వార్త వచ్చింది. మంత్రి విని, మజ్జిగ పోయమన్నాడు. మజ్జిగన్నం పూర్తిగా తిన్నాడు. ఆ ఇంటి వంటమనిషి ఆ మాట సింగనతో చెబుతూ చుట్టూ చూసుకుంది.

చివరకు రాజే పిలిపించాడు.

రేవుకోట రాజు పేరు కీర్తిపాలుడు. ఆ కోటలో గడ్డం పని ఒక తంతులా జరిగేది. రాజు గడ్డం పూర్తికానిదే ఆ రోజు ఏ ఆజ్ఞా ఇవ్వడు. కత్తి రాజు మొహం తాకింది మొదలు ఆఖరి గీత అయ్యేదాకా ఆ గదిలో ఎవరూ నోరు విప్పకూడదు. ఉలిక్కిపడితే ప్రమాదం కదా.

మల్లెరేకు కోటలోకి వచ్చిన కొన్నాళ్లకు చిన్న రాకుమారి మెట్ల మీద నుంచి జారిపడింది. నుదురు చిట్లింది. ఆ పిల్ల "నాన్నా" అని చేతులు చాచింది. రాజు ఆ మెట్లే దిగుతూ, నేల మీద పరిచిన చాపను దాటినట్టు పిల్లను దాటుకుని సభకు వెళ్లిపోయాడు.

"ఏమి నిబ్బరం, ఏమి స్థిరచిత్తం," అన్నారు సభలో.

సింగన అన్నీ చూశాడు. చూసి, లోపల లెక్క వేసుకున్నాడు. దళవాయి, మంత్రి, రాజు. ఈ ముగ్గురికీ ఏదో అయిందని అతనికి తెలుసు. ఆ లెక్కలో ఒక మనిషిని మాత్రం వేసుకోలేదు.

ఆ మనిషి సంగతి అతని భార్య గవరమ్మ ఎత్తింది.

"ఏమయ్యా, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడ్డావేం?"

"నిలబడ్డానా?"

"నిలబడ్డం కాదు. గిన్నె అంచు పట్టుకుని నిలబడ్డావు. చెయ్యి చూసుకో ఒకసారి."

సింగన చూసుకున్నాడు. అరచేతిలో పెద్ద బొబ్బ.

"ఇది ఎప్పుడైంది?" అన్నాడు.

గవరమ్మ మొగుడి మొహం వైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ మొహం మీద ముడతలు ఒక్కొక్కటే పోతున్నాయి.

*

శ్రావణమాసంలో ఏరు పొంగింది.

ఏటి మధ్య దిగువలంక అనే పల్లె ఉంది. చుట్టూ కరకట్ట ఉంది కనుక పల్లె నిలబడింది. కోటవైపు ఒడ్డున రాజు పదేళ్లు శ్రమపడి కట్టించుకున్న జలమందిరం ఉంది. నీళ్లు దాని మెట్లు ఎక్కుతున్నాయి.

ఆ ఉదయం రాజు గది బయట వసారాలో సింగన కత్తులు సర్దుకుంటుంటే, మంత్రి గుణాకరుడు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సింగన్నా, ఈ పూట మల్లెరేకు బాగా ఆడించాలి. మహారాజు ఒక మాట చెప్పాల్సి ఉంది. తేలిగ్గా రావాలి ఆ మాట."

"ఏ మాటండీ?"

"దిగువలంక కరకట్టకు గండి కొట్టిస్తే నీరు అటు పోతుంది. మందిరం నిలుస్తుంది. రాత్రి అడిగితే మహారాజు తటపటాయించారు. గడ్డం అయ్యాక చెప్తామన్నారు."

"లంకలో జనం ఉన్నారు కదండీ."

"ఉన్నారు. పడవలు పంపే వ్యవధి లేదు. నీవాళ్లెవరైనా ఉన్నారా?"

"నా చెల్లెలుందండి. నూకాలు. ఇద్దరు పిల్లలు."

"అలాగా." మంత్రి కనురెప్ప మీద ఒక ఈగ వాలింది. రెప్ప కదల్లేదు. ఈగ మెల్లగా కంటి కొస దాకా నడిచింది. "మరి ఇప్పుడు నీకేమైనా అనిపిస్తోందా?"

సింగన వెతికి చూసుకున్నాడు. "లేదండీ."

"చూశావా, ఎంత మంచి కత్తో," అని మంత్రి లోపలికి వెళ్లాడు.

సింగన గిన్నెలో నీళ్లు పోసుకున్నాడు. చెయ్యి వణకలేదు. నీళ్లు ఒలకలేదు. "నూకాలు మునిగిపోతుంది," అని పైకే అనుకున్నాడు. పటిక అయిపోయింది అన్నట్టు వచ్చింది ఆ మాట. మళ్లీ అన్నాడు. మళ్లీ అలాగే వచ్చింది.

భయం వెయ్యాలి. వెయ్యలేదు. ఊడిన పన్ను ఉన్న చోట నాలుక తడుముకున్నట్టు, అతను లోపల ఆ ఖాళీని తడుముకున్నాడు. అప్పుడు ఎడమ ముంజేయి వైపు చూశాడు. దళవాయి గడ్డానికి ముందు ఇక్కడ. మంత్రి గడ్డానికి ముందు ఇక్కడ. రాజుకు ముందు, వీధిలో ప్రతివాడికీ ముందు, ఇక్కడే. మల్లెరేకు ఈ చేతి మీద ఆడినన్ని సార్లు ఎవరి మీదా ఆడలేదు.

బాటసారి గుర్తొచ్చాడు. చెడ్డది ఏది అని అడిగిన మాట గుర్తొచ్చింది.

పొది అడుగు నుంచి గరగరను లాగాడు. తుప్పు పట్టింది. తోలు మీద నాలుగు దెబ్బలు నూరి, ముంజేతి మీద పెట్టాడు.

ఒకసారి లాగాడు. రక్తం వచ్చింది. నొప్పి రాలేదు.

రెండోసారి లాగాడు. రక్తం వచ్చింది. నొప్పి ఎక్కడో ఉన్నట్టుంది గాని రాలేదు.

మూడోసారి లాగాడు. అప్పుడొచ్చింది. పొరుగూరి నుంచి నడిచి వచ్చే మనిషిలా, ముందు దూరంగా, తరువాత దగ్గరగా, తరువాత ఇంట్లోకే వచ్చేసింది. ముంజేయి భగ్గుమంది. దాని వెనకే అరచేతిలో బొబ్బ మండింది. దాని వెనకే నూకాలు వచ్చింది. చిన్నప్పుడు నాన్న గడ్డాలు గీస్తుంటే అద్దం పట్టుకుని నిలబడేది. అద్దం వెనక నుంచి నాలుక బయటపెట్టి తనను వెక్కిరించేది.

సింగన గోడ పట్టుకున్నాడు. లోపలి నుంచి పిలుపు వచ్చింది.

*

రాజు పీఠం మీద వెనక్కి వాలి ఉన్నాడు. మంత్రి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కిటికీలోంచి ఏటి హోరు వినిపిస్తోంది.

సింగన వేడినీళ్ల గుడ్డతో రాజు చెంపలు తడిపాడు. పొదిలో మల్లెరేకు తెల్లగా పైనే ఉంది. చెయ్యి దానంతటదే అటు వెళ్లింది. చెయ్యిని వెనక్కి తెచ్చుకోవడానికి అతనికి కొంతసేపు పట్టింది. గరగరను తీశాడు. కట్టుబాటు ప్రకారం రాజు కళ్లెదుట, రక్తం ఆరని ముంజేతి మీదే దాన్ని ఆడించాడు. పళ్లు బిగపట్టాడు.

రాజు ఆ చేతి వైపు చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

మంత్రి కత్తిని గుర్తుపట్టాడు. ఒక అడుగు ముందుకు వేశాడు. కాని అప్పటికే గరగర రాజు చెంప మీద ఉంది. నోరు విప్పకూడదు.

గరగర. గరగర. ఆ గదిలో ఎన్నాళ్లుగానో వినపడని చప్పుడు అది. సింగన నుదుటి మీద చెమట పట్టింది. ఈ కత్తి కింద రాజుకు నొప్పి తెలిస్తే తన తల పోవచ్చు. తెలియకపోతే చెల్లెలు పోతుంది. కుడి చెంప అయింది. మళ్లీ నూరాడు. ఎడమ చెంప అయింది. రాజు రెప్ప కదల్లేదు.

చుబుకం కింది వంపు ఒక్కటే మిగిలింది. గరగర అక్కడికి వచ్చి, ఎప్పటిలాగే, పట్టి లాగింది.

రాజు "స్" అన్నాడు.

కత్తి గొంతు మీది నుంచి పైకి లేచీ లేవగానే మంత్రి నోరు విప్పాడు. "మహారాజా, ఇది ద్రోహం. వీణ్ని తరువాత చూద్దాం. ముందు గండి సంగతి సెలవియ్యండి."

రాజు గాటు మీద వేలు పెట్టుకున్నాడు. "ఆగు. మండుతోంది."

వేలు తీసి, చివర అంటిన ఎరుపును చూసుకున్నాడు.

"పాపకు నుదుటి మీద మచ్చ ఉంది," అన్నాడు రాజు. "ఎలా అయింది?"

"మెట్ల మీద పడ్డారు మహారాజా," అన్నాడు సింగన.

"అప్పుడు నేనెక్కడున్నాను?"

సింగన తల వంచుకున్నాడు. "పక్కనే ఉన్నారు."

రాజు మొహంలో ఏదో కదిలింది. ఎండిన మడిలోకి నీరు వదిలితే మట్టి కదిలినట్టు కదిలింది. "ఏం కత్తి ఇది?"

"తమ నాన్నగారికి మా నాన్న గీసిన కత్తి ప్రభూ. ఊళ్లో ఎవరికీ గిట్టదు. నాకూ గిట్టదు."

"మరి ఎందుకు తీశావు?"

"తమకు నొప్పి తెలియాలని. ముందు నాకు తెలియాలని. లంకలో నా చెల్లెలుంది మహారాజా. అది మునిగిపోతుందని మంత్రిగారు చెప్తే, పటిక అయిపోయిందన్నట్టు విన్నాను. ఆ మల్లెరేకు జుట్టుతో పాటు ఇంకేదో తీసేస్తోంది. ఏం పోయిందో తెలియకుండా తీసేస్తోంది. ఇన్నాళ్లూ అందరికీ దాన్ని గీసినవాణ్ని నేనే. తల తీయిస్తే తీయించండి. గండి మాత్రం కొట్టించకండి."

"లంకలో ఎందరున్నారు?" అన్నాడు రాజు.

"లెక్క తెప్పిస్తాను," అన్నాడు మంత్రి.

"లెక్క వద్దు. ఎవరెవరున్నారు?"

సింగన చెప్పాడు. చెల్లెలు నూకాలు, దాని పిల్లలు. గుర్రాలకు గడ్డి తెచ్చే ఓబన్న. రాకుమారికి బొమ్మ పల్లకి చేసిచ్చిన వడ్రంగి. చెప్తూ పోతుంటే రాజు చెయ్యెత్తి ఆపాడు.

"కోటలో పడవలన్నీ దిగువలంకకు పంపండి," అన్నాడు. "గట్టు మీద పార పడకూడదు."

ఆ మధ్యాహ్నానికి నూకాలు పిల్లలిద్దర్నీ చెరో చంకనెత్తుకుని కోట రేవులో పడవ దిగింది. అన్న మొహం చూసి, "ఏంట్రా అన్నయ్యా, మునిగింది మేమైతే తడిసింది నీ కళ్లా?" అంది.

సాయంత్రానికి జలమందిరం ఒరిగి ఏట్లో కలిసింది. రాజు ఒడ్డున నిలబడి చూశాడు. పదేళ్ల పని. ఆయనకు చాలా నొప్పి వేసింది. కూతురి చెయ్యి పట్టుకుని ఆ నొప్పి పడ్డాడు.

వెళ్తూ సింగన వైపు తిరిగి, "రేపు కూడా ఆ కత్తే తీసుకురా," అన్నాడు. "కాస్త నూరి తీసుకురా."

ఏరు తగ్గాక, రాజు చెప్పినట్టే మల్లెరేకును నడి మడుగులో పారెయ్యడానికి సింగన పడవెక్కాడు. గవరమ్మ కూడా ఎక్కింది. అతను చెయ్యెత్తాడు, వేళ్లు విడలేదు. మళ్లీ ఎత్తాడు, విడలేదు. మూడోసారి ఎత్తేసరికి గవరమ్మ అతని రెండో చేతిని అందుకుని, మానుతున్న బొబ్బ మీద బొటనవేలితో గట్టిగా నొక్కింది. "అమ్మా" అంటూ సింగన వేళ్లు తెరిచాడు. కత్తి నీళ్లలో పడింది. చప్పుడు కాలేదు.

తరువాత, గరగర గాటు పడ్డాక, దళవాయి గుర్రపుశాలలో ఖాళీ గుంజ దగ్గర బెల్లం ముక్కతో కూర్చున్నాడని విన్నారు. మంత్రి కూడా ఆ గాటు పడ్డాక, భోజనం మధ్యలో మజ్జిగ గిన్నె పక్కన పెట్టి, ఎప్పుడో పోయిన అన్నగారి కోసం ఏడ్చాడని విన్నారు.

కొన్ని రోజులు గడిచాక జాలరులు ఒక సంగతి మోసుకొచ్చారు. ఆ మడుగులో చేపలు వల పడుతుంటే పారిపోవడం లేదట. కళ్లు తెరుచుకుని, ఉన్న చోటే నిలబడి, వల తమ మీదికి దిగడం చూస్తున్నాయట. ఆ నాటి నుంచి అక్కడ ఎవరూ వల వెయ్యలేదు.

పిల్లలూ, నొప్పి తెలియనివ్వనిదంతా మేలు చేసేది కాదు. మనకు నొప్పి తెలిసినంతకాలమే ఎదుటివారి నొప్పీ తెలుస్తుంది.